చేతి మీది బిళ్ల ప్రోగ్రెస్ కార్డు కాదు

తల్లిదండ్రుల మాట
(ఏడో తరగతి విద్యార్థిని తండ్రి రాసినది)

మొన్న పేరెంట్ మీటింగ్‌లో క్లాస్ టీచర్‌ని కలవడానికి వరుసలో నిలబడ్డాం. మా వెనకున్న ఒక అమ్మగారు మా పాప భుజం కింద అంటించి ఉన్న తెల్లటి బిళ్లను చూసి, "అదేంటండీ, పిల్ల ఎక్కడుందో ఫోన్‌లో తెలియడానికా?" అని అడిగారు. మా పాప నవ్వి, "కాదాంటీ, నా షుగర్ ఎక్కడుందో తెలియడానికి" అంది.

ఆ అమ్మగారు ఒక్క క్షణం ఆగి, "అయ్యో, ఇంత చిన్నపిల్లకా! స్వీట్లు బాగా తినేదా?" అన్నారు.

ఆమె మీద నాకేం కోపం లేదు. మూడేళ్ల కిందట నాకూ అంతకు మించి తెలియదు. తెలియకపోవడం వల్ల మేం ఏం పోగొట్టుకోబోయామో, తెలిశాక కూడా నేనేం తప్పు చేశానో చెబితే తోటి తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి సంగతి: ఇది తిండి వల్ల రాలేదు

మా పాప నాలుగో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి నీళ్ల బాటిల్ చాలడం లేదంది. రాత్రి రెండు మూడుసార్లు బాత్‌రూమ్‌కి లేచేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. యూనిఫాం వదులైంది. ఎండాకాలం కదా అనుకున్నాం. పరీక్షల టెన్షన్ అనుకున్నాం. మూడు వారాలు గడిచాక ఒకరోజు వాంతులు పట్టుకుని, ఊపిరి ఆయాసంగా తీస్తుంటే ఆస్పత్రికి పరిగెత్తాం. రక్తంలో షుగర్ 500 దాటింది. ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లంగా మారిపోతోందని, ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టర్ చెప్పారు.

అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, నీరసం. ఈ నాలుగూ ఏ పిల్లలో కనిపించినా అదే రోజు వేలి చివర ఒక చుక్క రక్తం తీయించి షుగర్ చూపించండి. ఐదు నిమిషాల పని. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

మన ఇళ్లలో తాతయ్యలకు, నాన్నలకు ఉండేది ఎక్కువగా టైప్ 2. పిల్లలకు ఎక్కువగా వచ్చేది టైప్ 1. ఇందులో శరీరపు రోగనిరోధక వ్యవస్థే పొరపాటున క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. స్వీట్లకూ చాక్లెట్లకూ ఇందులో పాత్ర లేదు. పెంపకం లోపం కాదు. అంటుకునేది కాదు. మాత్రలతో, పథ్యంతో, కషాయాలతో పోయేదీ కాదు. బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వాల్సిందే, జీవితాంతం. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా, ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఇప్పుడు మా పాప ఖోఖో ఆడుతోంది, లెక్కల్లో నన్ను మించిపోయింది. ఈ తేడా తెచ్చింది ఇన్సులిన్. ఆ ఇన్సులిన్‌ని ఎంత, ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడానికి దారి చూపించేది ఈ బిళ్ల.

స్కోరు అడగడం వేరు, మ్యాచ్ చూడడం వేరు

దీన్ని సీజీఎం అంటారు. గ్లూకోజ్‌ని ఆగకుండా కొలుస్తూ ఉండే పరికరం. బిళ్ల కింద దారంలాంటి సన్నని తీగ చర్మంలోకి కొద్ది మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. అది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ని కొలుస్తుంది. మోడల్‌ని బట్టి ప్రతి నిమిషానికో, ఐదు నిమిషాలకో ఒక అంకెను ఫోన్‌కి పంపిస్తుంది. ఐదు నిమిషాలకొకటి అనుకున్నా రోజుకు 288 అంకెలు. 10 నుంచి 15 రోజులకోసారి బిళ్ల మార్చాలి.

అంతకుముందు మేం వేళ్లు గుచ్చి చూసేవాళ్లం, రోజుకు ఆరేడుసార్లు. అది మ్యాచ్ జరుగుతుండగా ఎవరినో స్కోరు అడిగినట్టు ఉండేది. ఇప్పుడు మ్యాచ్ చూస్తున్నాం. అంకె పక్కన బాణం గుర్తు కూడా ఉంటుంది. షుగర్ 110 అని, బాణం అడ్డంగా ఉంటే పాప హాయిగా పుస్తకం తీయొచ్చు. అదే 110 పక్కన బాణం నిట్టనిలువునా కిందికి ఉంటే, ఇంకో పావుగంటలో చేతులు వణకడం మొదలవుతుంది. వేలి చుక్కకు ఈ రెండు 110ల మధ్య తేడా తెలియదు. అర్ధరాత్రి షుగర్ పడిపోతే ఫోన్ మోగి మమ్మల్ని లేపుతుంది. టైప్ 1 పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క సౌకర్యం విలువ ఎంతో రాత్రిళ్లు రెండింటికి అలారం పెట్టుకుని లేచినవాళ్లకు తెలుస్తుంది.

అలాగని ఇది దైవవాక్కు కాదు. రక్తంలో మార్పు చర్మం కింది ద్రవంలోకి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి షుగర్ వేగంగా మారుతున్నప్పుడు బిళ్ల చెప్పేది కాస్త పాతకబురు. పాప ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే, ఆ ఒత్తిడికి తప్పుగా తక్కువ చూపిస్తుంది. అంకె ఒకటి చెబుతూ ఒళ్లు ఇంకొకటి చెబుతుంటే, వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. బిళ్ల ఖరీదు ఒక్కోటి కొన్ని వేల రూపాయలు. అందరికీ సాధ్యం కాదు. గ్లూకోమీటర్‌తో జాగ్రత్తగా నెట్టుకొస్తున్న కుటుంబాలు ఏ లోటూ చేస్తున్నట్టు కాదని కూడా చెప్పాలి.

నేను చేసిన తప్పు

నేను బ్యాంకు ఉద్యోగిని. రోజంతా అంకెలతోనే పని. పాప షుగర్ నా ఫోన్‌లోనూ కనిపించే ఏర్పాటు ఉందని తెలిసిన రోజు పండగ చేసుకున్నాను. కౌంటర్‌లో కూర్చుని కూడా పావుగంటకోసారి చూసేవాణ్ణి. గీత పైకి లేస్తే ఇంటికి ఫోన్. పాప స్కూల్ బస్సు దిగగానే నా మొదటి ప్రశ్న, "పదకొండింటికి 240 ఎందుకైంది? ఏం తిన్నావ్?"

'మంచి షుగర్', 'చెడ్డ షుగర్' అనే మాటలు ఇంట్లో అలవాటయ్యాయి. గీత సమంగా ఉన్న రోజున "శభాష్" అనేవాణ్ణి. లేని రోజున నిట్టూర్చేవాణ్ణి. నేను తిట్టలేదు కదా అనుకున్నాను. తండ్రి నిట్టూర్పు పిల్లలకు ఎలా వినిపిస్తుందో నాకు తట్టలేదు.

ఒకరోజు "బిళ్ల ఊడిపోయింది నాన్నా" అంది. ఆటల్లో తగిలిందేమో అనుకుని కొత్తది పెట్టాం. నాలుగు రోజులకు మళ్లీ ఊడిపోయింది. మూడోసారి, పాప గది ఊడుస్తుంటే చెత్తబుట్టలో రఫ్ నోట్ కాగితంలో మడతపెట్టిన బిళ్ల వాళ్లమ్మకు దొరికింది. తనే పీకేసుకుంటోంది. ఎందుకని అడిగితే చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి, "వీకెండ్ టెస్ట్ వారానికి ఒకసారే నాన్నా. ఇది రోజంతా పెడుతూనే ఉంటుంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె పాపతో కాదు, నాతో మాట్లాడారు. షుగర్ పెరగడానికి తిండి ఒక్కటే కారణం కాదన్నారు. జలుబు చేసినా పెరుగుతుంది. పరీక్ష భయానికీ పెరుగుతుంది, ఆ సమయంలో ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లు అలా చేస్తాయి. ఎదిగే వయసులో హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. పీటీ పీరియడ్‌లో పరిగెడితే కొన్ని గంటల తర్వాత కూడా పడిపోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా గీత దాటే రోజులు ఉంటాయి. "అంకె పాప ప్రవర్తన గురించి చెప్పదు. ఇప్పుడేం చేయాలో మాత్రమే చెబుతుంది" అన్నారు.

ఇంకో లెక్క కూడా చూపించారు. 2019లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒప్పుకున్న లక్ష్యం ప్రకారం, షుగర్ 70కీ 180కీ మధ్య రోజులో 70 శాతం సమయం ఉంటే బాగున్నట్టు. అంటే దాదాపు 17 గంటలు. మిగిలిన ఏడు గంటలు గీత దాటినా నియంత్రణ బాగున్నట్టేనని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటోంది. జాగ్రత్తపడాల్సింది కిందికి పడే విషయంలో. 70కి దిగువన గడిపే సమయం 4 శాతం లోపే, అంటే రోజు మొత్తం మీద గంట లోపే ఉండాలి. మనమేమో నూటికి డెబ్బై వస్తే పిల్లల్ని కూర్చోబెట్టి క్లాసు పీకే అలవాటు ఉన్నవాళ్లం. అదే కొలబద్దను పాప రక్తానికీ పెట్టాను.

పరిశోధనలు చెప్పేదీ ఇదే

షుగర్ అదుపు ముఖ్యం కాదని నేను అనడం లేదు. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 రోగులతో డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లలో, మొదట్లో కంటి జబ్బు లేనివారికి ఆ జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. కిడ్నీలు, నరాల విషయంలోనూ మేలు కనిపించింది. అయితే అదే జట్టులో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువైంది. గట్టిగా పట్టుకుంటే పడిపోతుంది, వదిలేస్తే కళ్లూ కిడ్నీలూ దెబ్బతింటాయి. ఆ రెండింటి మధ్య నడవడానికే ఈ బిళ్ల.

2008లో వచ్చిన మరో అధ్యయనం మన తల్లిదండ్రులంతా తెలుసుకోవాల్సింది. 322 మంది టైప్ 1 రోగులను తీసుకుని, కొందరికి సీజీఎం ఇచ్చి ఆరు నెలలు గమనించారు. 25 ఏళ్లు దాటినవాళ్లలో ఫలితం స్పష్టంగా కనిపించింది. 8 నుంచి 24 ఏళ్ల వాళ్లలో సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం వెతికితే, వారానికి ఆరు రోజులైనా పెట్టుకున్నవాళ్లు పెద్దల్లో 83 శాతం, 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 50 శాతం, 15 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 30 శాతం మాత్రమే. క్రమం తప్పకుండా పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఏ వయసులోనైనా మేలు జరిగింది. అప్పటి పరికరాలకంటే ఇప్పటివి చాలా నయం. కానీ పాఠం పాతబడలేదు. బిళ్ల పనిచేయాలంటే అది ఒంటి మీద ఉండాలి. ఒంటి మీద ఉండాలంటే పిల్లలకు అది భారం కాకూడదు, సిగ్గు కాకూడదు. ఆ పని ఏ కంపెనీ ఇంజినీరూ చేయలేడు. ఇంట్లో మనం, బడిలో టీచర్లు, పక్క బెంచీ స్నేహితులు చేయాలి.

బడికి నా విన్నపం: ఫోన్ సంగతి

మా పాప ఇంతకుముందు చదివిన బడిలో జరిగింది చెబుతాను. ఫోన్లు నిషేధం కాబట్టి పాప ఫోన్‌ని కింది ఆఫీసు బీరువాలో పెట్టేవారు. పాప క్లాసు రెండో అంతస్తు. బిళ్ల నుంచి ఫోన్‌కి సిగ్నల్ అందేది కొన్ని మీటర్ల దూరమే. ఒక యూనిట్ టెస్ట్ రోజున నా ఫోన్‌లో చివరి అంకె 84, బాణం కిందికి. ఆ తర్వాత ఖాళీ. ఆఫీసుకు ఫోన్ చేస్తే "టెస్ట్ జరుగుతోంది సార్, అరగంట ఆగండి" అన్నారు. పాప చెమటలు పట్టి, పేపర్ మీద అక్షరాలు కనిపించక కూర్చుంటే, పక్క వరుసలోని అమ్మాయి లేచి చెప్పింది. వేలు గుచ్చి చూస్తే 52. గ్లూకోజ్ నీళ్లు తాగాక తేరుకుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. రూల్‌కి ఈ పిల్ల సంగతి తెలియదు, అంతే.

తరగతిలో ఫోన్లు వద్దన్న నియమానికి నేను వ్యతిరేకిని కాను. మా పెద్దవాడి విషయంలో ఆ నియమమే మమ్మల్ని కాపాడింది. కానీ ఈ ఫోన్ పని వేరు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లవాడికి అదనపు సౌకర్యం ఇచ్చారని మనం ఎవరం ఫిర్యాదు చేయం కదా. ఫోన్‌లో ఆ ఒక్క యాప్ తప్ప మిగతావన్నీ లాక్ చేసి, పరీక్షప్పుడు ఇన్విజిలేటర్ బల్ల మీద పెడితే సరిపోతుంది. ఇది నా సొంత ఆలోచన కాదు. 2017లోనే సీబీఎస్ఈ టైప్ 1 విద్యార్థులను బోర్డు పరీక్షలకు తినుబండారాలు, పంచదార బిళ్లలు వెంట తెచ్చుకోనిచ్చింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సూచన మీద ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలలకు ఆదేశాలిస్తూ, ఇలాంటి పిల్లలు పరీక్షలో సీజీఎం ఉంచుకోవచ్చని, స్మార్ట్‌ఫోన్ అవసరమైతే దాన్ని టీచర్ దగ్గర ఉంచవచ్చని చెప్పింది. మన క్యాంపస్‌లో మా పాప క్లాస్ టీచర్ ఈ ఏర్పాటుకు వెంటనే ఒప్పుకున్నారు. ఒక టీచర్ మంచితనం మీద ఆధారపడకుండా, అన్ని బ్రాంచీల్లోనూ రాతపూర్వకమైన నియమంగా ఉండాలన్నది నా కోరిక. టీచర్ మారినా, సెక్షన్ మారినా, స్టడీ అవర్‌లో వేరే ఇంచార్జి ఉన్నా, పిల్ల క్షేమం మారకూడదు.

దాంతోపాటు ప్రతి టీచరుకూ, బస్సు ఆయాకూ ఈ నాలుగు మాటలు తెలియాలి:

- వణుకు, చెమట, ఉన్నట్టుండి చిరాకు, తికమక మాటలు షుగర్ పడిపోవడానికి గుర్తులు. వెంటనే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార, అంటే మూడు టీ స్పూన్లు ఇవ్వాలి. చిన్నపిల్లలకు వాళ్ల డాక్టర్ రాసిచ్చిన కొలత. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి.
- ఆ సమయంలో "క్లాసులో తినకూడదు" అనకూడదు. అది తిండి కాదు, మందు.
- అలాంటి పిల్లను ఒంటరిగా సిక్ రూమ్‌కి పంపకూడదు. మెట్ల మీదే పడిపోవచ్చు.
- స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే అంబులెన్స్‌నీ తల్లిదండ్రులనీ పిలవాలి.

తోటి తల్లిదండ్రులకు

మీ పిల్లల పుట్టినరోజుకు మా పాపను పిలవండి. కేకు ముక్క తినొచ్చా లేదా అన్నది తనకు తెలుసు, దానికి తగిన ఇన్సులిన్ లెక్క వేసుకుంటుంది. చాక్లెట్లు పంచేటప్పుడు తన దగ్గరికి వచ్చి చేయి వెనక్కి తీసుకోకండి. "పాపం" అనే మాట తన ముందు అనకండి. మీ పిల్లలకు మాత్రం ఒక్కటి చెప్పండి: స్నేహితురాలు వణుకుతుంటే నవ్వకుండా, భయపడకుండా టీచర్‌కి చెప్పమని. ఆ రోజు పక్క వరుసలోంచి లేచి నిలబడ్డ అమ్మాయికి మా కుటుంబం ఇప్పటికీ రుణపడి ఉంది.

ఇంట్లో టైప్ 2 ఉన్న పెద్దలకు కూడా, డాక్టర్ సలహా మీద, రెండు వారాలు ఈ బిళ్ల పెట్టి చూడడం ఉపయోగపడవచ్చు. ఆ 14 రోజుల గీతలను ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, రాత్రి ఆలస్యంగా తినే అన్నం ఏం చేస్తోందో, భోజనం తర్వాత ఇరవై నిమిషాల నడక ఏం చేస్తోందో కళ్లకు కడుతుంది.

కానీ ఏ జబ్బూ లేని పిల్లలకు మాత్రం వద్దు. ఈ మధ్య ఆరోగ్యం కోసమంటూ షుగర్ లేనివాళ్లూ ఇది పెట్టుకోవడం ఫ్యాషన్ అవుతోంది. 2024లో అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చిన పరికరం కూడా 18 ఏళ్లు నిండినవాళ్లకే. ఇడ్లీ తిన్నాక ఆరోగ్యవంతుల షుగర్ కూడా కాస్త పెరిగి దిగుతుంది. అది మామూలే. ఆ గీత చూసి పిల్ల పళ్లెంలోంచి ఇడ్లీ తీసేస్తే, లేని జబ్బుకు భయం అనే కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్టు. మార్కులు, ర్యాంకులు, స్లిప్ టెస్టులు, ఇన్ని అంకెలు ఇప్పటికే పిల్లల భుజాల మీద ఉన్నాయి. అవసరం లేని ఇంకో అంకె ఎందుకు?

మా ఇంట్లో ఇప్పుడు 'మంచి', 'చెడ్డ' అనే మాటలు పోయాయి. 'ఎక్కువ', 'తక్కువ' అంటున్నాం. నా ఫోన్‌లో మామూలు గీత చూడడం మానేశాను, ప్రమాద అలారం ఒక్కటే ఉంచుకున్నాను. వారానికోసారి ఆదివారం సాయంత్రం పాపే ల్యాప్‌టాప్ తీసి, "ఇదిగో నాన్నా, ఖోఖో ఉన్న రోజున రాత్రి పడిపోతోంది, పడుకునేముందు పాలు తాగుతా" అని తనే చెబుతుంది. అప్పుడు నేను వింటాను. బిళ్ల ఊడిపోవడం ఆగి ఏడాది దాటింది.

బస్సు దిగగానే నా మొదటి ప్రశ్న కూడా మారింది. "ఇవాళ ఎవరితో ఆడావ్?" అంటున్నాను. షుగర్ సంగతి, అవసరమైతే, తనే చెబుతుంది.

వచ్చే పేరెంట్ మీటింగ్‌లో టైప్ 1 పిల్లల కోసం రాతపూర్వక నియమం గురించి నేను మాట్లాడబోతున్నాను. మీ పిల్లలకు ఈ జబ్బు లేకపోయినా, నాతోపాటు ఒక్కరు చేయెత్తినా చాలు.